ఎల్‌ఈడీ బోర్డు మీద తెలుగును నడిపించడం: రెండు పీ10 ప్యానెళ్లతో ఇంట్లో కట్టుకునే స్క్రోలింగ్ బోర్డు

ఇంగ్లిషు అక్షరాలు పరుగెత్తే ఎల్‌ఈడీ బోర్డు కట్టడం ఒక పూట పని. మాడ్యూల్ (ఎల్‌ఈడీ చుక్కల పలక) కొని, ఆర్డినోకు (ప్రోగ్రామ్ ఎక్కించుకుని నడిచే చిన్న కంట్రోలర్ బోర్డుకు) ఐదు వైర్లు కలిపి, లైబ్రరీలోని (సిద్ధంగా దొరికే కోడ్‌లోని) ఉదాహరణ ఎక్కిస్తే చాలు, అక్షరాలు కదులుతాయి. తెలుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది రెండుచోట్ల ఆగిపోతున్నారు. ఎనిమిది వరసల మాడ్యూల్ కొనేయడం ఒకటి. కోడ్‌లో "స్వాగతం" అని టైపు చేసి, అది అలాగే బోర్డు మీద పడుతుందనుకోవడం రెండోది.

రెండోదాని సంగతి ముందు తేల్చుకుందాం. "స్వాగతం" మన కంటికి మూడు అక్షరాలు. కంప్యూటర్ లోపల మాత్రం స, పొల్లు, వ, దీర్ఘం, గ, త, సున్న అని ఏడు ముక్కలు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు ముక్కకు 3 బైట్లు పడతాయి, అంటే మొత్తం 21 బైట్లు. ఆర్డినో ఫాంటు పట్టిక ఆ 21నీ 21 వేర్వేరు అక్షరాలనుకుని ఏవో పిచ్చిగీతలు చూపిస్తుంది, లేదా ఏమీ చూపించదు. పోనీ ఆ ఏడు ముక్కలకూ బొమ్మలు తయారు చేసి పెట్టినా లాభం లేదు. వ ఒత్తు స కిందికి వెళ్లాలనీ, దీర్ఘం తలకట్టును తీసేసి కూర్చోవాలనీ చెప్పే పరిజ్ఞానం అంత చిన్న చిప్‌లో ఉండదు. ఆ కూర్పు పనిని కంప్యూటర్ చేత చేయించి, బోర్డుకు తయారైన బొమ్మనే ఇవ్వాలి. కింద చెప్పేదంతా ఈ ఒక్క నిర్ణయం మీదే నిలబడి ఉంటుంది.

ఎన్ని వరసలు కావాలి

మ్యాక్స్ 7219 చిప్‌తో వచ్చే 8×8 మాడ్యూళ్లు చవక, కలపడం తేలిక. నాలుగు కలిసి 32×8గా దొరుకుతాయి. టోకెన్ నంబరుకు, గడియారానికి, ధరకు, ఇంగ్లిషు పేరుకు అవి చాలు. తెలుగుకు చాలవు. "లక్ష్మీ" అన్న మాట తీసుకోండి. పైన గుడి దీర్ఘం, నడుమ క, దాని కింద ష ఒత్తు, మ ఒత్తు. మూడు అంతస్తుల మాటను ఎనిమిది వరసల్లో ఇరికిస్తే ఒక్కో అంతస్తుకు రెండు మూడు చుక్కలే మిగులుతాయి. అందులో ఏ అక్షరమూ పోల్చుకోలేం.

16 వరసలైతే సర్దుకోవచ్చు. పైన 3 వరసలు తలకట్టుకూ గుడులకూ, నడుమ 8 అక్షరానికి, కింద 5 ఒత్తుకు. ఈ పంపకం దాదాపు అన్ని మాటలకూ సరిపోతుంది. అందుకే తెలుగుకు తగిన కనీసపు సరుకు పీ10 ప్యానెల్. ముగ్గుల పుస్తకం లెక్కలో చెప్పాలంటే ఒక్కోటీ 32 చుక్కలు, 16 వరసలు. చుక్కకూ చుక్కకూ 10 మిల్లీమీటర్ల దూరం, ప్యానెల్ కొలత 32 సెంటీమీటర్లు × 16 సెంటీమీటర్లు. తెలుగు అక్షరం సగటున 10 నుంచి 14 చుక్కల వెడల్పు తీసుకుంటుంది కాబట్టి ఒక్క ప్యానెల్ మీద రెండు మూడు అక్షరాలకు మించి పట్టవు, చదివేవాడికి మాట అందదు. రెండు ప్యానెళ్లు పక్కపక్కన పెట్టి 64×16 చేస్తే ఐదారు అక్షరాలు ఒకేసారి కనిపిస్తాయి. మూడైతే ఇంకా హాయి. ఇక్కడ రెండింటి లెక్కే చెబుతున్నాం.

దూరం సంగతి కూడా ముందే చూసుకోండి. పీ10 చుక్కలు కలిసిపోయి అక్షరంలా కనబడాలంటే చూసేవాళ్లు ఓ పది మీటర్ల అవతల ఉండాలి. వీధికి అభిముఖంగా ఉండే దుకాణానికి, గుడి ముంగిటికి, బడి గేటుకు బాగుంటుంది. హాల్లో టీవీ పక్కన పెట్టుకోవడానికి బాగోదు.

సామాను

హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు ఇలాంటి సరుకుకు పేరున్న చోట్లు. ఆన్‌లైన్లోనూ అన్నీ దొరుకుతాయి.

- పీ10 ఎరుపు ప్యానెళ్లు 2. ఒకే రంగువి, హబ్12 కనెక్టర్ ఉన్నవి. రెండూ ఒకే బ్యాచ్‌వి తీసుకోండి, లేకపోతే ఎరుపులో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.
- ఆర్డినో ఉనో గానీ నానో గానీ 1.
- 5 వోల్టుల 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును 5 వోల్టుల డీసీగా మార్చే సప్లై) 1.
- 16 పిన్నుల ఎఫ్‌ఆర్‌సీ కేబుల్ (పట్టీలా చదునుగా ఉండేది), రెండు ప్యానెళ్ల మధ్యకు. సాధారణంగా ప్యానెల్‌తోనే వస్తుంది, అడిగి తీసుకోండి.
- 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఎరుపు, నలుపు రెండేసి మీటర్లు.
- 1000 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్లు 2. ఒక 10 కిలో ఓం రెసిస్టర్.
- ఆడ కొన ఉన్న జంపర్ వైర్లు ఓ పది, మూడు పిన్నుల ప్లగ్గు, మూడు కోర్ల మెయిన్స్ కేబుల్, ఫ్యూజు, మల్టీమీటర్.
- బోర్డు చట్రానికి అల్యూమినియం ప్రొఫైల్, మూలల బిగింపులు, వెనక మూతకు ఏసీపీ (అల్యూమినియం పొరల ప్లాస్టిక్) షీటు.

కొనేటప్పుడు ఒక్క సంగతి తప్పనిసరిగా చూడండి. కనెక్టర్ పక్కన హబ్12 అని ఉండాలి. హబ్75 అని ఉంటే అది రంగుల ప్యానెల్, దాని వైరింగ్ వేరు, లైబ్రరీ వేరు. రెండింటికీ 16 పిన్నులే కాబట్టి కేబుల్ చక్కగా దిగిపోతుంది, బోర్డు మాత్రం వెలగదు.

కరెంటు

ఎక్కువ బోర్డులు పాడయ్యేది ఇక్కడే, అందుకే నిదానంగా చదవండి.

ప్యానెల్‌లో 512 ఎల్‌ఈడీలు ఉంటాయి. అన్నీ ఒకేసారి వెలగవు. నాలుగో వంతు, అంటే 128 మాత్రమే ఒక క్షణంలో వెలుగుతాయి, తర్వాతి క్షణంలో ఇంకో 128. కంటికి తెలియనంత వేగంగా ఈ నాలుగు వంతులూ తిరుగుతూ ఉంటాయి. అన్ని చుక్కలూ వెలిగించిన పరిస్థితికి ప్యానెల్‌కు 4 ఆంపియర్లు లెక్క వేసుకోండి. రెండింటికి 8, అందుకే 10 ఆంపియర్ల సప్లై. మాటలు నడిచేటప్పుడు మూడో వంతు చుక్కలు కూడా వెలగవు కాబట్టి నిజంగా లాగేది చాలా తక్కువ. అలాగని సప్లై చిన్నది కొనకండి. రోహిణి కార్తెలో, ఎండకు కాలే రేకు డబ్బాలో కూర్చునే సప్లైకి ఆ మిగులే ఆయుష్షు.

వైరు మందం మీద పీనాసితనం పనికిరాదు. 5 వోల్టులన్నది చాలా తక్కువ వోల్టేజీ, దారిలో పోయే ప్రతి పదో వంతూ కనిపిస్తుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీటరు పొడవున, రానూ పోనూ రెండు మీటర్ల రాగి. దాంట్లో 8 ఆంపియర్లు పారితే సుమారు 0.2 వోల్టు పోతుంది. అదే సన్నటి 0.5 వైరులో 0.6 వోల్టు పోతుంది. అప్పుడే చివరి ప్యానెల్ మసకబారేది, ఎక్కువ చుక్కలున్న అక్షరం రాగానే ఆర్డినో రీసెట్ అయ్యేది. ప్యానెల్ నుంచి ప్యానెల్‌కు కరెంటును గొలుసులా తీసుకుపోకుండా, సప్లై టెర్మినల్ నుంచి ఒక్కో ప్యానెల్‌కు విడిగా ఒక జత వైర్లు లాగండి. ఎఫ్‌ఆర్‌సీ కేబుల్ సంకేతాలకే, అది కరెంటు మోయదు.

ప్లగ్గు పెట్టకముందు ఎస్‌ఎంపీఎస్ పక్కన 110, 220 అని చిన్న స్లైడు స్విచ్ ఉందేమో చూడండి. ఉంటే 220 వైపు ఉండాలి. 110 వైపు ఉన్నదానికి మన 230 వోల్టులు ఇస్తే అక్కడికక్కడే పేలుతుంది. ఫేజు, న్యూట్రల్, ఎర్తు మూడూ బిగించండి. ఎర్తును బోర్డు అల్యూమినియం చట్రానికి కూడా తప్పకుండా కలపండి. వానలో తడిసే రేకును వీధిలో పిల్లలు ముట్టుకుంటారు. ఫేజు వైరులో ఫ్యూజు, టెర్మినళ్ల మీద మూత, ఈ రెండూ లేకుండా మెయిన్స్ పెట్టకండి. మెయిన్స్ పని అలవాటు లేకపోతే ఈ ఒక్క భాగం ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.

ఇక ప్యానెళ్లు కలపకుండా సప్లై ఒక్కటే ఆన్ చేసి, మల్టీమీటర్‌తో చూస్తూ పక్కనున్న చిన్న మరను తిప్పి 5.0 వోల్టులకు తేండి. ఆపి, ప్యానెళ్ల పవర్ వైర్లు బిగించండి. ప్లస్, మైనస్ తారుమారైతే ప్యానెల్ మీది చిప్పులన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. ఎరుపు, నలుపు రంగులను నమ్మి ఊరుకోకుండా, బోర్డు మీద అచ్చువేసిన గుర్తును రెండుసార్లు చూడండి. కెపాసిటర్ ఒక్కోటీ ఒక్కో ప్యానెల్ పవర్ టెర్మినళ్ల దగ్గరే ఉండాలి. దాని ఒంటి మీద గీత ఉన్న వైపు మైనస్.

సంకేతాల వైర్లు

ప్యానెల్ వెనక రెండు 16 పిన్నుల కనెక్టర్లు ఉంటాయి, ఒకటి రాక, ఒకటి పోక. వెనక అచ్చువేసిన బాణం మొదలయ్యే వైపు ఉన్నది రాక. పక్కనే చిన్న త్రికోణం గానీ చతురస్రపు టంకం చుక్క గానీ ఉన్నది 1వ పిన్ను. బేసి సంఖ్యలన్నీ ఒక వరస, సరి సంఖ్యలన్నీ ఎదుటి వరస.

1వ పిన్ను, ఓఈ (వెలుగును ఆన్, ఆఫ్ చేసేది): ఆర్డినో 9కి.
2వ పిన్ను, ఏ (కింది బీతో కలిసి, నాలుగు వంతుల్లో ఏది వెలగాలో చెప్పేది): 6కి.
4వ పిన్ను, బీ: 7కి.
8వ పిన్ను, క్లాక్ (బిట్లను ఒక్కొక్కటిగా ముందుకు నెట్టేది): 13కి.
10వ పిన్ను, లాచ్ (వచ్చిన డేటాను చుక్కల మీదికి దించేది): 8కి. దీన్ని కొన్ని ప్యానెళ్ల మీద ఎస్‌సీఎల్‌కే అని రాస్తారు. పేరు చూసి క్లాక్ అనుకుని తారుమారు చేసేవాళ్లు చాలామంది.
12వ పిన్ను, ఎరుపు డేటా: 11కి.
3 నుంచి 15 దాకా ఉన్న బేసి పిన్నులన్నీ గ్రౌండ్. వాటిలో కనీసం రెండు ఆర్డినో గ్రౌండ్‌కు కలపండి, ఒకటి క్లాక్ పక్కది అయి ఉండాలి.

ఇవి ఈ ప్యానెళ్లను నడిపే, ఫ్రీట్రానిక్స్ వాళ్ల డీఎండీ లైబ్రరీ అనుకునే పిన్నులు. మార్చకుండా వాడితే ఏ ఇబ్బందీ ఉండదు. ఆర్డినో 10వ పిన్నును మాత్రం ఖాళీగా వదిలేయండి. ఆ పిన్ను కిందికి లాగబడి ఉంటే ఎస్‌పీఐని (డేటా పోయే దారిని) వేరే పరికరం వాడుకుంటోందని లైబ్రరీ అనుకుని స్కాన్ (నాలుగు వంతులనూ తిప్పడం) మానేస్తుంది. అక్కడ ఒక బటన్ పెట్టినవాళ్లకు, నొక్కినప్పుడల్లా బోర్డు ఆరిపోవడమో ఒకే వరస గుంపు దగ్గర నిలిచిపోవడమో కనిపించి, ఎందుకో తెలియక తల పట్టుకుంటారు.

10 కిలో ఓం రెసిస్టర్‌ను ఓఈకీ గ్రౌండ్‌కూ మధ్య పెట్టండి. ఈ ప్యానెళ్లలో ఓఈ పైకి లేస్తేనే వెలుగు. ఆర్డినో ఇంకా నిద్ర లేవని ఆ ఒకటి రెండు క్షణాలు ఓఈ గాలిలో వేలాడితే, స్కాన్ తిరగకుండా ఒకే వంతు ఎల్‌ఈడీలు పూర్తి కరెంటుతో వెలిగి ఉండిపోతాయి. ఆ రెసిస్టర్ వాటిని ఆర్పి ఉంచుతుంది.

ఆర్డినో నుంచి మొదటి ప్యానెల్ దాకా వైర్లు 20, 30 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోండి. డేటా 4 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో పోతుంది. మీటరు పొడవు జంపర్లు వేలాడదీస్తే అక్షరాల చుట్టూ మిణుగురుల్లా చుక్కలు మెరుస్తాయి.

ఆర్డినోకు కరెంటు కూడా అదే ఎస్‌ఎంపీఎస్ నుంచి, 5వీ అని రాసిన పిన్నుకు ఇవ్వండి. విన్ పిన్నుకు 5 వోల్టులు ఇస్తే లోపలి రెగ్యులేటర్ దగ్గర కొంత పోయి ఆర్డినో అర్ధాకలితో నడుస్తుంది. ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు ఆ 5వీ వైరు తీసేసి, గ్రౌండ్ మాత్రం ఉంచి, యూఎస్‌బీ పెట్టండి. ఆ సమయంలో ఎస్‌ఎంపీఎస్ ఆన్‌లోనే ఉండాలి. ప్యానెళ్లకు కరెంటు లేకుండా ఒక్క యూఎస్‌బీతో ఆర్డినో నడిపితే, డేటా వైర్ల ద్వారానే ప్యానెల్ చిప్పుల్లోకి దొంగచాటుగా కరెంటు పారి, బోర్డు మసక ఎరుపులో వెలుగుతుంది. "సప్లై లేకుండానే పని చేస్తోంది" అని సంతోషపడకండి. ఆ భారమంతా ఆర్డినో పిన్నుల మీద పడుతోంది.

మొదటి వెలుగు

డీఎండీతో పాటు టైమర్‌వన్ లైబ్రరీ కూడా వేసుకోండి. వెడల్పు 2, ఎత్తు 1 అని చెప్పి, టైమర్ స్కాన్ ఫంక్షన్‌ను ఎన్ని మైక్రోసెకన్లకు ఒకసారి పిలవాలో ఇవ్వండి. ఉదాహరణల్లో 5000 ఉంటుంది. నాలుగు వంతులు కలిపి 20 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 50 సార్లు. కళ్లు కదిలించినప్పుడు వణుకు తెలుస్తుంది. 2500 పెడితే సెకనుకు 100 సార్లు అవుతుంది, బొమ్మ నిలకడగా ఉంటుంది. ఫోన్ వీడియోలో మాత్రం గీతలు పడతాయి, అది లోపం కాదు.

తెలుగు జోలికి పోకముందు, ఎడమ పైమూల నుంచి కుడి కిందిమూలకు ఒక ఏటవాలు గీత, చుట్టూ ఒక గడి గీసి చూడండి. ఈ రెండు బొమ్మలు వైరింగ్ తప్పులన్నీ బయటపెడతాయి. ఎడమ ప్యానెల్‌లో రావలసింది కుడివైపు వస్తే గొలుసును తప్పు కొస నుంచి మొదలుపెట్టారన్నమాట. షిఫ్ట్ రిజిస్టర్లలో (బిట్లను వరసగా ముందుకు జరిపే ప్యానెల్ చిప్పుల్లో) మొదట పంపిన బిట్లు నెట్టుకుంటూ పోయి చివరి ప్యానెల్‌లో నిలుస్తాయి, కాబట్టి ఆర్డినో ఏ కొసన ఉందన్నది ముఖ్యం.

మాటను బొమ్మగా మార్చడం

ఇప్పుడు అసలు పని. మూడు దారులున్నాయి, ఏదైనా ఒకటే: తెలుగును సరిగ్గా కూర్చగల ప్రోగ్రామ్‌లో మాట రాసి, దాన్ని 16 చుక్కల ఎత్తుకు కుదించాలి.

గింప్ అనే బొమ్మల ప్రోగ్రామ్‌లో అయితే నల్లటి కాగితం మీద 128 చుక్కల ఎత్తున తెల్లటి అక్షరాలతో వాక్యం రాయండి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో, బొమ్మలు చేసే పిల్లో లైబ్రరీతోనూ చేయవచ్చు, కానీ దానికి రాక్మ్ అనే కూర్పు సాధనం తోడుండాలి. అది లేకుంటే పిల్లో ఏ ఫిర్యాదూ చేయకుండా ఒత్తుల్ని విడదీసి పొల్లులతో గీసేస్తుంది. పిల్లో ఫీచర్ల పరీక్షలో రాక్మ్ ఉందని వస్తేనే ముందుకు పొండి. విండోస్‌లో దానికి ఫ్రిబిడి అనే ఫైలు కూడా విడిగా కావాలి కాబట్టి, ఆ తంటా ఎందుకనుకుంటే మూడో దారి: బ్రౌజర్‌లో పెద్ద అక్షరాలతో రాసి స్క్రీన్‌షాట్ తీయడం. బ్రౌజర్లు తెలుగును చక్కగా కూరుస్తాయి.

ఫాంటు ఎంపికలో అందం కన్నా గీత మందం చూడండి. ఒకే మందంతో సాగే నోటో శాన్స్ తెలుగు, మండలి లాంటివి కుదింపుకు తట్టుకుంటాయి. రామభద్ర లాంటి బొద్దు ఫాంట్లు బ్యానర్ మీద నిండుగా ఉంటాయి గానీ, 16 వరసల్లో వాటి గుండ్రాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. మరీ సన్నటి గీతల ఫాంట్లు తెగిపోతాయి.

సైజు తేల్చడానికి "శ్రీ లక్ష్మీ కృష్ణ" లాంటి మాటల్ని కొలబద్దగా పెట్టుకోండి. క్రావడి, జంట ఒత్తు, గుడి దీర్ఘం, వట్రుసుడి, ణ ఒత్తు అన్నీ అందులో ఉన్నాయి. ఆ మాటల పైఅంచు నుంచి కింది అంచు దాకా 128 లోపల పడే అతిపెద్ద సైజు ఏదో అదే మీ బోర్డు సైజు. వాక్యంలో ఒత్తులే లేకపోతే ఇంకా పెంచవచ్చు, కానీ ఒకే బోర్డు మీద వాక్యానికో సైజు ఉంటే చూడడానికి బాగుండదు. ఒకటే ఉంచడం మా సలహా.

తర్వాత బొమ్మను ఎనిమిదో వంతుకు, అంటే 16 ఎత్తుకు కుదించండి. ఇప్పుడు ప్రతి చుక్కకూ 0 నుంచి 255 దాకా ఏదో ఒక బూడిద విలువ ఉంటుంది. బోర్డుకు తెలిసింది వెలుగు, చీకటి రెండే కాబట్టి ఎక్కడో గీత గీయాలి. 100 దగ్గర మొదలుపెట్టండి: అంతకు పైనున్నది వెలుగు. గీతలు తెగితే 80కి దించండి, సున్నాలు పూడితే 120కి పెంచండి. మొదటే చిన్న సైజులో రాయకుండా పెద్దగా రాసి కుదించేది ఇందుకే, ఈ మందం మీట మన చేతిలో ఉంటుంది.

ఎంత సరిచేసినా యంత్రం చేసిన బొమ్మను నేరుగా ఎక్కించకండి. వెలిగే చుక్కకు #, ఆరినదానికి ఫుల్‌స్టాప్ పెట్టి తెర మీద అచ్చువేసుకుని, లేదా గళ్ల కాగితం మీద దించుకుని, చేత్తో దిద్దండి. తెలుగులో ఒక చిన్న గుర్తే అక్షరాన్ని మార్చేస్తుంది. ద కింద చిన్న గీత పడితే ధ, దాని కడుపులో చుక్క కూడా పడితే థ. ప కింద గీత ఫ, నడుమ గుర్తు ష. డ–ఢ, ర–ఠ కూడా ఇంతే. 16 వరసల్లో ఆ గీత ఒకే ఒక చుక్క, కుదింపులో ముందుగా మాయమయ్యేది అదే. ఫలహారం పలహారమవుతుంది, ధర దర అయిపోతుంది. అలాంటి గీతకు నిలువునా రెండు చుక్కలు ఇవ్వండి, అక్షరానికీ దానికీ మధ్య వీలైతే ఒక ఖాళీ వరస వదలండి. సున్న గుండ్రానికి లోపల కనీసం ఒక ఖాళీ చుక్క ఉండాలి. 4×4 కొలతలో మూలలు తీసేసి నడుమ నాలుగు ఖాళీ ఉంచితే చక్కగా కనిపిస్తుంది. తలకట్టుకూ అక్షరానికీ మధ్య ఖాళీ పూడిపోయిందేమో చూడండి. దిద్దినదాన్ని గోడకు అంటించి గది అవతలి నుంచి, ఆ వాక్యం ముందుగా తెలియని ఇంకొకరి చేత చదివించండి. మనకు వాక్యం తెలుసు కాబట్టి మన కళ్లు తప్పును దిద్దేసుకుంటాయి.

బొమ్మ బాగుందనుకున్నాక నిలువు గళ్లుగా అంకెల్లోకి మార్చాలి. ఒక్కో నిలువు గడిలో 16 చుక్కలు, అంటే రెండు బైట్లు. పై 8 వరసలకు ఒకటి, కింది 8 వరసలకు ఒకటి. పైనుంచి కిందికి విలువలు 128, 64, 32, 16, 8, 4, 2, 1. పైభాగంలో మొదటి, రెండో, ఎనిమిదో చుక్కలు వెలిగితే 128 + 64 + 1 = 193. పది పంక్తుల పైథాన్ ఈ పని చేసి అంకెల జాబితా ఇస్తుంది. 400 చుక్కల వెడల్పున్న వాక్యానికి 800 బైట్లు. ఉనోలో ర్యామ్ 2048 బైట్లే కాబట్టి జాబితాను ప్రోగ్‌మెమ్ అని ప్రకటించి 32 కిలోబైట్ల ఫ్లాష్‌లో ఉంచండి. చదివేటప్పుడు కూడా ప్రోగ్‌మెమ్‌కు ఉద్దేశించిన ఫంక్షన్‌తోనే చదవండి. మామూలు జాబితాలా చదివితే ర్యామ్‌లోని చెత్త చుక్కలుగా పరుగెత్తుతుంది.

కదిలించడం

కదలిక వెనకున్న లెక్క చిన్నది. "జరుగు" అనే ఒక సంఖ్యను −64 దగ్గర మొదలుపెట్టి, వాక్యం వెడల్పు దాకా ఒక్కొక్కటిగా పెంచుతూ పోండి. ప్రతి అడుగులో బోర్డు మీది 64 నిలువు గళ్లకూ, గడి సంఖ్య + జరుగు ఎంతో చూడండి. అది 0 కన్నా తక్కువైనా, వాక్యం వెడల్పుకు సమానమైనా, దాన్ని దాటినా ఆ గడి చీకటి. మధ్యలో ఉంటే ఆ సంఖ్య దగ్గరి రెండు బైట్లు తీసి, 16 చుక్కలనూ డీఎండీలోని రైట్‌పిక్సెల్ ఫంక్షన్‌తో పెట్టండి. వాక్యం కుడి అంచున పుట్టి ఎడమ అంచున అస్తమిస్తుంది. ఆ సంఖ్యను బైటుగా కాక ప్లస్, మైనస్ రెండూ పట్టే పూర్ణాంకంగా ప్రకటించండి. బైటులో రుణసంఖ్య పట్టదు, 255 దాటితే మళ్లీ సున్నాకు వస్తుంది. వాక్యం సగంలో మొదటికి దూకుతోందంటే ఇదే కారణం.

వేగం అడుగుకు 40 మిల్లీసెకన్లు పెట్టండి, సెకనుకు 25 చుక్కలు. అంటే దాదాపు రెండు తెలుగు అక్షరాలు, నడిచి వెళ్లే మనిషి తీరిగ్గా చదవగల వేగం. ఇంగ్లిషు బోర్డుల వేగం చూసి 20కి దించితే ఒత్తులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ముఖ్యమైన మాట, ధరో ఫోన్ నంబరో, మధ్యకు వచ్చినప్పుడు రెండు సెకన్లు ఆపి మళ్లీ కదిలించడం వేగం తగ్గించడం కన్నా కూడా మంచి పద్ధతి.

ఉనోతో నాలుగు ప్యానెళ్ల దాకా ఇలాగే లాగవచ్చు. ఫోన్ నుంచి వాక్యం మార్చుకోవాలంటే వైఫై ఉన్న ఈఎస్‌పీ32 కంట్రోలర్ కావాలి. దాని పిన్నులు 3.3 వోల్టులే ఇస్తాయి, 5 వోల్టుల మీద నడిచే 74హెచ్‌సీ రకం చిప్పులు 3.5 ఉంటే గానీ "ఒకటి" అని ఒప్పుకోవు. కొన్ని ప్యానెళ్లు అలాగే పని చేస్తాయి, కానీ అది అదృష్టం. మధ్యలో 3.3 వోల్టులనూ "ఒకటి"గా ఒప్పుకునే 74హెచ్‌సీటీ245 చిప్పు ఒకటి పెడితే ఆ బెంగ ఉండదు.

బోర్డు చెప్పే రోగలక్షణాలు

ప్యానెల్ లోపలి అమరిక తెలిస్తే ఏది పాడైందో దూరం నుంచే చెప్పవచ్చు. ఒక్కో ప్యానెల్‌లో 74హెచ్‌సీ595 చిప్పులు 16. ఒక్కోటీ 8 చుక్కల వెడల్పు, 4 వరసల ఎత్తు, అంటే 32 ఎల్‌ఈడీలను చూసుకుంటుంది. కాబట్టి అంత కొలత దీర్ఘచతురస్రం ఒక్కటే ఆరిపోయినా, ఎప్పుడూ వెలిగే ఉన్నా ఆ చిప్పు పోయింది. డేటా చిప్పు నుంచి చిప్పుకు పారుతుంది కాబట్టి అక్కడి నుంచి అవతలంతా చెత్త కనిపిస్తే, చెత్త మొదలైన చోటే చూడండి.

నాలుగు వరసలకు ఒక వరస చొప్పున, ఉదాహరణకు 2, 6, 10, 14 వరసలు, ప్యానెల్ పొడవునా ఆరిపోతే అది ఆ వంతుకు కరెంటు ఇచ్చే 4953 మాస్ఫెట్ చిప్పు. వరసలు ఒకదాని మీద ఒకటి పడి, కొన్ని వరసలు చీకటిగా ఉంటే ఏ, బీ వైర్లలో ఒకటి ఊడింది. ఆ రెండూ తారుమారైతే అన్ని వరసలూ వెలుగుతాయి గానీ అక్షరం నలిగినట్టు, నడిమి వరసలు స్థానాలు మార్చుకున్నట్టు కనిపిస్తుంది.

మొదటి ప్యానెల్ బాగుండి రెండోదానిలో చుక్కలు గెంతుతుంటే ముందు ఎఫ్‌ఆర్‌సీ కేబుల్ మార్చండి, దాని కొసల నొక్కుడు వదులవడం చాలా మామూలు. తర్వాత రెండు ప్యానెళ్ల గ్రౌండ్ వైర్లు గట్టిగా బిగిశాయో లేదో చూడండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి గంట తర్వాత తేడా వస్తే అన్ని చుక్కలూ వెలిగించి, ప్యానెల్ టెర్మినళ్ల దగ్గరే వోల్టేజీ కొలవండి. సప్లై దగ్గర 5.0 ఉండి ఇక్కడ 4.5 ఉంటే వైరో స్క్రూనో అపరాధి. వేడెక్కిన స్క్రూ చేతికి తెలుస్తుంది, సప్లై ఆపాకే ముట్టుకోండి.

రాత్రిపూట వెలుగు మరీ కళ్లలో పొడుస్తుంటే ఎస్‌ఎంపీఎస్ మరతో 4.5 వోల్టుల దాకా దించవచ్చు. ఆర్డినో కూడా అదే సప్లై మీద ఉంది కాబట్టి సంకేతాలు, ప్యానెళ్లు కలిసే దిగుతాయి, ఇబ్బంది రాదు. 9వ పిన్ను మీద అనలాగ్‌రైట్‌తో వెలుగు తగ్గించాలని చూడకండి, ఆ పిన్నుకు పనికొచ్చే టైమరే స్కాన్‌కు వాడేశాం.

బయట పెట్టేటప్పుడు

సెమీ అవుట్‌డోర్ అని అమ్మే ప్యానెళ్లు వెలుగులోనే బయటివి, నీళ్లకు కాదు. వాటిని వరండా కప్పు కిందే పెట్టండి. అవుట్‌డోర్ రకానికైనా ముందుభాగం మాత్రమే జిగురుపూతతో మూసి ఉంటుంది, వెనక చిప్పులన్నీ తెరిచే ఉంటాయి. అందుకే పెట్టె పైఅంచు, పక్క అంచులు సిలికాన్‌తో మూసి, కింది అంచున మాత్రం ఓ నాలుగు చిన్న రంధ్రాలు వదలండి. పూర్తిగా మూసేస్తే రాత్రి చల్లదనానికి లోపలి గాలిలోని తేమ నీరై చిప్పుల మీద కూర్చుంటుంది, దానికి బయటికి దారి ఉండాలి. కేబుల్ కూడా కిందినుంచే లోపలికి రావాలి, పెట్టెకు ముందు ఒక వంపు కిందికి వేలాడితే వాన నీళ్లు వైరు వెంట లోపలికి పారకుండా అక్కడే కారిపోతాయి. ఎస్‌ఎంపీఎస్‌ను ప్యానెళ్ల వెనక, జాలీ పైకి ఉండేలా, చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదిలి బిగించండి. వీలైతే దాన్ని పెట్టెలోనే పెట్టకుండా గోడ అవతల నీడలో ఉంచి, లావు వైరు లాగడం మేలు. అలా లాగినప్పుడు పైన చెప్పిన వోల్టేజీ లెక్క మళ్లీ వేసుకోండి: మూడు మీటర్ల దూరానికి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు కావాలి.